మనిషిని చూసి నీళ్లు

ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో రెండేళ్లు స్వచ్ఛందంగా బావులు తవ్వి, ప్రసూన విశాఖలోని సొంతింటికి వచ్చింది. బ్యాగు దించగానే వంటింటి కుళాయి కింద గ్లాసు పెట్టింది. కుళాయి ఆమె ముఖం చూసి ఉప్పునీళ్లు వదిలింది.

తల్లి పకపకా నవ్వింది. "ఎండకి ఎంత నల్లబడిపోయావే! పనిమనిషి అనుకున్నట్టుంది."

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ముఖాలు గుర్తుపట్టే ఇవే కుళాయిలు. ఇంటివాళ్లకు మంచినీళ్లు, మిగతావాళ్లకు ఉప్పటి బోరునీళ్లు. తల్లి కుళాయి ముందుకు వంగి, "మా అమ్మాయే" అంది. వెంటనే చల్లటి మంచినీళ్లు వచ్చాయి.

మలావీలో బావి దగ్గర ఊరందరికీ ఒకటే రేకు గ్లాసు. ప్రసూన నీళ్లు తాగకుండా గ్లాసు దించింది. అంట్లు తోముతున్న పనిమనిషి నూకరత్నాన్ని చూపించింది.

"ఈమె గురించి కూడా చెప్పమ్మా."

"ఇన్నేళ్లలో అది ఎప్పుడైనా అడిగిందా? నువ్వొచ్చి లేనిపోనివి నేర్పకు" అని తల్లి ముఖం గంటు పెట్టుకుంది.

ప్రసూన తన గ్లాసే నూకరత్నానికి అందించింది. నూకరత్నం ఒకసారి అమ్మగారి ముఖం చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

"వద్దు పాపగారూ. మీరు నాల్రోజులుండి మళ్లీ ఏ దేశమో ఎల్లిపోతారు. నానిక్కడే అంట్లు తోముకోవాల."