ఒక్క ఊపిరి పల్లవి

“ఇంకా ఊదండి, ఇంకా,” అంది డాక్టర్ లక్ష్మీప్రియ.

పుంగనూరు మునస్వామికి ఊదడం ఒకరు నేర్పాలా? నలభై ఏళ్లు నాదస్వరం పట్టిన బుగ్గలవి. గొట్టంలోకి గట్టిగా ఊదేసి మీసం తుడుచుకున్నాడు.

కీళ్లవాతంతో కొయ్యబారిన అతని వేళ్లను కొత్తరకం ఇంజెక్షన్లతో మళ్లీ ఆడించింది మదనపల్లెలోని ఈ డాక్టరమ్మే. అయితే ఆ మందు ఏ కొద్దిమందికో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందట. అందుకే ఈ పరీక్ష. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తున్న సంగతి మునస్వామి చెప్పలేదు. చెబితే మందు ఆపేస్తారు, వేళ్లు బిగుసుకుంటాయి, కుప్పం గంగమ్మ జాతర మేళం ఇంకొకరి పాలవుతుంది.

“మీ వయసుకు బ్రహ్మాండంగా ఉంది,” అని నవ్వింది డాక్టరమ్మ. మునస్వామి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆ నవ్వునూ ఆ కండువానూ చూసి, గోడవారన కూర్చున్న డోలు బాలప్ప లేచాడు. ముప్పై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకటే మేళం.

“అమ్మా, ఈయప్ప పల్లవంతా ఒక్క ఊపిరిలో ఊదేవోడు. ఇప్పుడు నడమ రెండు తూర్లు ఊపిరి తీస్తాండాడు.”

ఎన్నాళ్లుగా అని డాక్టరమ్మ అడిగింది. బాలప్ప పలక్కుండా మునస్వామి మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఇక దాచలేక, రెండు నెలలుగా అని మునస్వామే ఒప్పుకున్నాడు.

స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల అడుగున అప్పుడే మొదలైన మచ్చ కనిపించింది. మామూలు మనుషుల లెక్కతో చూసే మిషన్‌కు నాదస్వరం ఊదే ఛాతీలో తగ్గిన ఊపిరి కనపడలేదు. ఆ మందు ఆపి వేరేది మొదలుపెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సణుగుతూ, మునస్వామి నెలరోజులు బాలప్పకు మొహం చూపించలేదు. వీపు తిప్పి కూర్చున్నా బాలప్ప రోజూ వచ్చి, ఇటు తిరిగి ఎదురుగా కూర్చునేవాడు.

జాతర నాటికి వేళ్లూ ఆడాయి, ఊపిరీ నిలిచింది. కుప్పంలో జనం మధ్య మునస్వామి పల్లవంతా ఒక్క ఊపిరిలో ఊదాడు. ఎదురుగా రెప్పవేయకుండా చూస్తున్న బాలప్ప సరిగ్గా ఆఖరి స్వరం మీద దెబ్బ వేశాడు. ఇద్దరికీ కళ్లు చెమ్మగిల్లాయి.

“మా మిషన్‌కు అందనిది బాలప్పగారు పట్టారు. ఆయన చెవులు మామూలు చెవులు కావు,” అంది డాక్టరమ్మ, మునస్వామి తర్వాతిసారి పరీక్షకు వెళ్లినప్పుడు.

“మావోడు గదమ్మా,” అని మునస్వామి గర్వంగా మీసం దువ్వుకున్నాడు.

బాలప్పకు చెవులు వినపడక మూడేళ్లయింది.