అద్దాల లంగా

“లంబాడీ బొమ్మ లంగా నీకెందుకురా?” అన్నాడు ప్లీడరు రాఘవయ్య, బొమ్మల బీరువాకు అడ్డంగా నిలబడి.

పశువుల పని చూసే ఏలియా గుమ్మం బయటే ఆగాడు. “మా చంటిదానికయ్యా. కంట్రోలు కొట్లో నెల నుంచీ గుడ్డ లేదంట. ఇంట్లో ఉన్నయ్యన్నీ పేలికలే. ఈ ఒక్క పూటన్నా మంచి గుడ్డ కప్పాలని దేవమ్మ ఒకటే ఏడుపు.”

యుద్ధం మొదలై గుడ్డకు రేషను పెట్టాక మాచర్లలో అందరిదీ అదే గోడు. రాఘవయ్య బీరువా వైపు తిరిగాడు. చెంచులవీ, కోయలవీ, ఎన్నో గుడ్డబొమ్మలు. ఏ తిరునాళ్ళకు వెళ్ళినా, ఏ తండాకు వెళ్ళినా భార్య శాంతమ్మ బతిమాలి తెచ్చుకున్నవి. చంటిపిల్లంత ఉండే ఈ లంబాడీ బొమ్మ అన్నిటిలోకీ పాతది. ఆమె పోయాక ఆయన ఒక్కదాన్నీ కదిలించలేదు.

“పాస్టరు గారు వచ్చారా?”

“వచ్చి కూసున్నారయ్యా. నేను పోతే బయల్దేరతారు.”

అయితే బాప్తిస్మం. రాఘవయ్య మొహం విప్పారింది. “ఆ ముక్క ముందే చెప్పొద్దూ? ఏం పేరు?”

“ప్రేమమ్మ అనుకున్నామయ్యా.”

“బాగుంది. తెల్లగుడ్డ కావాలేమో కదరా?”

“ఏదైనా ఒకటేనయ్యా.”

ఆయన మెల్లగా లంగా విప్పాడు. ఊడిన అద్దాలను శాంతమ్మే మళ్ళీ కుట్టింది. పేలికల దేహంతో బొమ్మ ఆయన వైపే చూస్తున్నట్టుంది.

“పని కాగానే తెచ్చిస్తావా?”

ఏలియా తల దించుకున్నాడు.

“సరేలే, మీ పిల్లనే ఉంచుకోనీ. శాంతమ్మ ఉన్నా ఇదే అనేది. పెద్దదయ్యాక తన బొమ్మకు కట్టుకుంటుంది.”

ఏలియా రెండు చేతులా లంగా అందుకున్నాడు.

“బయట చలిగాలి. మెడదాకా కప్పు.”

“అట్టాగేనయ్యా.”

కాసేపటికి పేటలోంచి నలుగురు మనుషులు రోడ్డెక్కారు. రాఘవయ్య కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. ముందు పాస్టరు గారు, వెనక ఏలియా. వాడి చేతుల్లో అద్దాలు ఎండకు తళుక్కుమంటున్నాయి. ఇన్నేళ్ళు బీరువాలో మగ్గిన గుడ్డ ఒక పసిదాని ఒంటిమీదికి చేరింది. పిల్లలు లేని తన ఇంటికి ఈపాటి భాగ్యం చాలనుకున్నాడు.

ఆ తళుకు చర్చి దగ్గర ఆగకుండా సమాధుల దొడ్డిలోకి తిరిగింది.