నలభై రోజుల పథ్యం

నాంపల్లి స్టేషన్ ఎదుటి గల్లీలో సదాశివ వైద్యుడి గడప దాటబోయి బీరయ్య బోర్లా పడ్డాడు.

చంకకర్రలు చెరో దిక్కుకు పోయాయి. బల్ల వెనక కూర్చున్న వైద్యుడు కదల్లేదు. లోపలి నుంచి ఆయన భార్య విద్యావతి పరుగున వచ్చి లేపింది.

ఎంత పొగరు, అనుకున్నాడు బీరయ్య.

ఆబిడ్స్‌లో సినిమా హాలు కడుతుంటే పైనుంచి పడి అతని నడుము విరిగి ఏడాదయింది. కర్రల మీద నడక వచ్చింది గానీ మగతనం తిరిగి రాలేదు. వెన్నులో నరం దెబ్బతిన్నదని చెప్పిన దవాఖాన డాక్టరు, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తల దించుకున్నాడు.

సిగ్గుతో బీరయ్య వేరే మంచం వేసుకున్నాడు. ఈ వైద్యుడి మందు కూడా పనిచేయకపోతే మారుమనువు చేసుకొమ్మని పెళ్లాం పోశవ్వకు చెప్పేశాడు. ఆమె అంటే అతనికి ప్రాణం.

వైద్యుడు అంతా విని, విద్యావతి చేత ఒక నూనె సీసా ఇప్పించాడు.

"రోజూ పొద్దుగూకినంక నీ పెండ్లామే రాయాలె. తల నుంచి కాళ్ల దాకా, జర మెల్లగ. ఏడ తెలుస్తున్నదో, ఏడ తెలుస్తలేదో ఆమెకు చెప్పాలె. ఒక్క మంచంలనే పండాలె. నలభై రోజులు ఆ పని జోలికి మాత్రం పోవద్దు. అదే పథ్యం."

ఆకలితో వచ్చినవాణ్ణి ఉపవాసం ఉండమన్నట్టుందని గొణుక్కుంటూ వెళ్లాడు బీరయ్య.

పథ్యం కాబట్టి ఓడిపోతానన్న భయం లేకుండా పోయింది. పదకొండో రోజు, చెవి వెనక వేలు తగిలితే ఒళ్లు ఝల్లుమంటుందని తెలిసింది. పోశవ్వ నవ్వింది. ఏడాదిగా ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

నలభై రోజులూ గడిచాయి. పోయింది తిరిగి రాలేదు.

"సీస ఒడిసింది. ఇగ నీ ఇష్టం," అన్నాడు బీరయ్య.

"ఇంకో సీస తీసుకరా. నేనేడికి పోతలేను," అంది పోశవ్వ.

మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు కొని, పొగరనుకున్నందుకు మన్నించమని వైద్యుడికి దండం పెడదామని బీరయ్య నాంపల్లి వెళ్లాడు.

విద్యావతి తలుపు తీసింది. నుదుట బొట్టు లేదు. ఆయన పోయి పదిహేను రోజులైందట.

పండ్లు గడప మీద పెట్టి, ఆ నూనె ఏం నూనె అమ్మా అని అడిగాడు.

"ఉత్త నువ్వుల నూనె, బీరయ్యా. మందు దాంట్ల లేదు. మేమిద్దరం పద్దెనిమిదేండ్లు గదే పథ్యంతోని సంసారం చేసినం."

బీరయ్య గదిలోకి చూశాడు. బల్లను గోడ పక్కకు జరిపారు, ఆ రోజు దాని చాటున కనబడని వైద్యుడి కుర్చీకి రెండు పెద్ద చక్రాలున్నాయి.