నత్తకు తెలిసిన నునుపు

చెవులిటు పెట్టండి నాయనలారా! దేవుడు చేసిన ఈ నేల ఎలాంటిదో ఒక నత్త అందరికీ చెబుతుండేది. "ఎక్కడా అతుకు లేదు, సందు లేదు. అంతా ఒకటే నున్నటి పలక" అనేది.

ఒక ఎండాకాలం దాని మడుగు ఎండిపోయింది. ఇసుక దిబ్బ అవతల ఇంకో మడుగుంది. ఎండ ముదిరేలోగా చేరకపోతే ప్రాణం దక్కదు.

"అత్తా, ఇసుక మీదుగా పోకు. అదంతా విడివిడి రేణువులు. ఒక్కోటీ నీ జిగురు తాగేస్తుంది. గడ్డి వెంట చుట్టూ తిరిగి పో" అంది అటుగా పోతున్న ఒక చీమ.

"ఓసి పిచ్చిదానా! గింజంత లేవు, నేల ముక్కలంటావా? ఇంత కాలం పాకాను, ఒక్క ముక్కా తగల్లేదే!" అని నవ్వి నత్త బయల్దేరింది.

పాపం, ఇన్నాళ్లూ అది పాకింది తను పరుచుకున్న జిగురు మీదే. సగం దూరంలో ఆ జిగురు అయిపోయింది. మొదటిసారి పొట్ట కింద గరగరమంది. ఒక రేణువు, పక్కన సందు, మళ్లీ రేణువు.

"చీమమ్మా, చచ్చానే!"

చీమ తన దండుతో వచ్చింది. చీమలన్నీ రేణువు తర్వాత రేణువు లాగేసి, అడుగున తడి తగిలేదాకా తవ్వి, నత్తను అందులోకి దించాయి.

"నేల ఒకటే పలకైతే నిన్నెక్కడ దాచేదాన్నత్తా?" అంది చీమ.

పొద్దు వాలి ఇసుక చల్లబడ్డాక, మళ్లీ ఊరిన జిగురుతో నత్త కొత్త మడుగు చేరింది. పిల్ల నత్తలు మూగాయి. "దారంతా నున్నగానే ఉందా అత్తా?"

నత్త కొమ్ములు వంచి దేవుడికి దండం పెట్టుకుంది.

"నునుపు నా జిగురుదే పిల్లలూ. నేల సంగతి చీమనడగండి."