ఒడ్డు వదిలిన పడవ

"పడవేదీ?"

ఐలీ గుడారంలోంచి తల బయటపెట్టేసరికి తండ్రి తౌనో నడుం మీద చేతులు పెట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు. రాత్రి పడవ ఉన్నచోట తడి రాయి, పక్కన రెండు తెడ్లు. అంతే.

"రాత్రి ఇక్కడే కదా కట్టాం" అంది ఐలీ.

"కట్టింది నేనే. సరిగ్గా కట్టి ఉండను."

"నువ్వెప్పుడూ గట్టిగానే కడతావుగా నాన్నా!"

"గట్టిగా కడితే ఎలా పోతుందే? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

ఇద్దరూ ఆ చిన్న దీవి చుట్టూ రాళ్ళ మీదుగా నడిచారు. పైన్ చెట్లు దాటి రెండో కొసకి వెళ్ళేసరికి కనిపించింది. సరస్సు అవతలి ఒడ్డున, రెల్లులో ముక్కు దూర్చి, ఎర్ర పడవ తాపీగా ఊగుతోంది. తెల్లవారుజామున వీచిన పిల్లగాలే దాన్ని అక్కడిదాకా తీసుకుపోయింది.

"కేకేస్తే వినబడే దూరమేగా" అన్నాడు తౌనో. "కాకపోతే ఇప్పుడు దిగితే కాళ్ళు కొంకర్లు పోతాయి. ఎండ ముదరనీ, ఈదుకెళ్ళి తెస్తాను."

"మరి అమ్మ సంగతి?"

తౌనో వంగి ఎండుపుల్లలు ఏరడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఐలీ తల్లి కైసా కారుతో రేవు దగ్గరికి వస్తుంది. ఐలీని ఎక్కించుకుని అటునుంచి అటే విన్నిపెగ్ నగరానికి, తమ ఇంటికి వెళ్ళిపోతుంది. బడి తెరిచే రోజులు. మళ్ళీ తండ్రి దగ్గరికి రావడమంటే వచ్చే వేసవికే.

తౌనో మంట రాజేసి కాఫీ కాచేలోపు నీళ్ళ మీద మాటలు వినిపించాయి. వాళ్ళ ఊరి ముసలి వైనో, ఆయన భార్య హిల్మా. పడవలో సామాను సర్దుకుని రేవు వైపు పోతున్నారు.

"ఏమోయ్ తౌనో, ఇంకా బయల్దేరలేదా?" అని కేకేశాడు వైనో.

ఐలీ లేచి చెయ్యి ఊపబోయింది. తండ్రి ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"లేదు పెద్దాయనా! గాలి ఎక్కువగా ఉంది. రేవులో కైసా ఉంటుంది, రేపు మధ్యాహ్నానికి వస్తామని చెప్పండి. కంగారు పడొద్దనండి."

వైనో నీళ్ళకేసి చూశాడు. "ఈ గాలికా? మా ఆవిడ టీ ఊదుకుంటేనే ఇంతకన్నా గట్టిగా వస్తుంది."

హిల్మా తెడ్డుతో ఆయన వీపు మీదికి నీళ్ళు చిమ్మింది. "చెబుతాంలే నాయనా. పిల్ల జాగ్రత్త!"

వాళ్ళు మలుపు తిరగ్గానే ఐలీ తండ్రి మీదికి లేచింది. "అడిగితే వాళ్ళే తెచ్చిపెట్టేవాళ్ళు కదా!"

"తౌనో పడవ పోగొట్టుకున్నాడని రేపీపాటికి కాఫీ కొట్టులో అందరూ చెప్పుకుని నవ్వాలా? నాకూ పరువుంది తల్లీ."

ఆ పగలంతా ఎలా గడిచిందో తెలియలేదు. రాళ్ళ సందుల్లో బ్లూబెర్రీలు ఏరుకున్నారు. ఐలీ గాలానికి చేయంత చేప పడితే, ఆమె కంటే తండ్రే ఎక్కువ గంతులేశాడు. దాన్ని కాల్చి, మిగిలిన ఏలకుల రొట్టెతో తిన్నారు. నవ్వుతూ నవ్వుతూనే ఐలీ మధ్యలో చప్పబడిపోయేది.

"బాధ్యత లేని మనిషని మీ అమ్మ ఊరికే అనలేదు" అన్నాడు తౌనో, పొద్దు వాలుతుండగా ఈదడానికి లైఫ్ జాకెట్ తగిలించుకుంటూ. "పడవ కట్టడం చేతకాని తండ్రి ఇంకెవరికైనా ఉంటాడా?"

"అలా అనకు నాన్నా" అంది ఐలీ. అతని జాకెట్ పట్టీ పట్టుకుని ఆపింది. "పోనీ వెళ్ళకు. రేపెవరైనా వస్తారు."

"ఎంతసేపే, ఇట్టే వచ్చేస్తాను."

నీళ్ళలోకి దిగాడు. తల చిన్నదవుతూ పోయింది. సగం దూరంలో అతని చేతులు ఆగిపోయాయి.

"నాన్నా!"

పలకలేదు. వెల్లకిలా తిరిగి, పిక్క పట్టుకుని, అలలతోపాటు ఊగుతూ ఉండిపోయాడు. ఐలీ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అరిచి అరిచి గొంతు రాసుకుపోయింది. చాలాసేపటికి తౌనో ఒక చెయ్యి పైకెత్తి ఊపాడు. ఒంటి కాలితో తన్నుకుంటూ, మెల్లగా అవతలి రెల్లు చేరాడు.

పడవలో ఎప్పుడూ ఉంచుకునే అదనపు తెడ్డుతో తిరిగొచ్చేసరికి అతని పెదవులు నీలంగా ఉన్నాయి. ఐలీ పడవ తాడు తానే చెట్టుకు చుట్టి, తండ్రికి దుప్పటి కప్పింది. మంట పెద్దది చేసింది. అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ, ఉన్నట్టుండి భోరుమంది.

"నువ్వు సరిగ్గానే కట్టావు నాన్నా! తాడు విప్పింది నేను. నువ్వు నిద్రలో ఉంటే వెళ్ళి పడవని తోసేసి వచ్చాను."

"ఎందుకమ్మా?"

"ఇంకొక్క రోజు ఉండొచ్చని. నువ్వు మునిగిపోయి ఉంటే... అంతా నావల్లే!"

తౌనో కూతుర్ని దుప్పట్లోకి లాక్కున్నాడు.

"అంతా నీవల్లే కాదులే" అన్నాడు. "నువ్వు తోస్తే అది రెండు బారలు పోయి రాళ్ళలో ఇరుక్కుంది. నువ్వొచ్చి పడుకున్నాక లేచి వెళ్ళి, దాన్ని విడిపించి అవతలికి తోసింది నేను."