పిల్లి ఎక్కని బానెట్

ఒక వాకిట్లో ముసలి పిల్లీ, పాత కారూ కలిసి బతికేవి. కారు మెల్లగా గుర్రుమంటూ ఇల్లు చేరగానే పిల్లి వెచ్చటి బానెట్ ఎక్కి, అదే శ్రుతిలో గుర్రుపెట్టి నిద్రపోయేది. ఎన్ని చలికాలాలు అలా గడిచాయో!

ఓనాడు కారు సైలెన్సర్ పీకించుకుని, లావుపాటి గొట్టం తగిలించుకొచ్చింది. ఆ మోతకు పిల్లి ఒక్క గెంతులో గోడెక్కింది.

"పిల్లత్తా, అచ్చం పులిలా గాండ్రిస్తున్నాను కదూ? వీధంతా హడలిపోయింది!" అంది కారు.

పిల్లి ఖాళీ బానెట్ వంక దిగులుగా చూసింది. "గాండ్రింపు బాగానే ఉంది తల్లీ. పులి వీపుమీద ఎవరు పడుకుంటారు?"

వారం రోజులు పిల్లి గోడమీదే చలికి ముడుచుకుంది. బానెట్ మీద దుమ్ము పేరుకుంది. ఇక ఉండబట్టలేక కారు షెడ్డుకెళ్లి పాత సైలెన్సరే బిగించుకుంది.

ఆ సాయంత్రం కారు ఎప్పుడొచ్చిందో వీధిలో ఎవ్వరికీ తెలియలేదు, గోడమీద చెవులు రిక్కించుకుని కూర్చున్న పిల్లికి తప్ప.