గడ్డిపూల నీళ్ళు

కుట్టుమిషను చప్పుడు ఆగేదాకా గువ్వ మెట్ల మీదే నిలబడింది.

పైన ఉన్నది ఒక్కటే గది. ఆ గదిలోనే ఆమె పెరిగింది. తల్లి పోయిన నాలుగేళ్ళ పిల్లని పెద్దమ్మ తెచ్చుకుని, ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి చదివించింది. ఇప్పుడు గువ్వ పనిచేసే ల్యాబులో అందరూ ఆమెని మేడమ్ అంటారు. గువ్వ అని పిలిచేది ఇప్పటికీ పెద్దమ్మ ఒక్కతే.

ఆ పిలుపు విని రెండు నెలలైంది. ప్రతి ఆదివారం ఫోను చేసే మనిషి మానేసింది. గువ్వ చేస్తే, "పనిలో ఉన్నానమ్మా" అని పెట్టేస్తోంది.

ఎందుకో గువ్వకి తెలుసు. సరిగ్గా రెండు నెలల కిందట రేడియో వాళ్ళు పూలమీద ఆమె చేసిన పరిశోధన గురించి మాట్లాడించారు. పెద్దమ్మ మిషను పక్కన పొద్దస్తమానం మోగేది రేడియోనే.

"ఇన్ని వేల పూలుండగా, ఎవరూ పట్టించుకోని ఈ పిచ్చిపువ్వు మీకెలా తట్టిందండీ?" అని అడిగారు.

"అదృష్టమండీ. రైలు కట్ట పక్కన నడుస్తుంటే కంటపడింది," అంది గువ్వ.

అంత అబద్ధానికి నాలుక ఎలా తిరిగిందో ఆమెకే తెలీదు. పక్కన ల్యాబు పెద్దలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు 'మా పెద్దమ్మ తాగించింది' అంటే చిన్నతనం అనిపించింది. అంతే.

ఏడేళ్ళప్పుడు గువ్వకి రేచీకటి వచ్చింది. పొద్దు వాలితే చాలు, గోడలు తడుముకునేది. పెద్దమ్మ ఒకసారి డాక్టరుకి చూపించింది. ఆ మర్నాడు రైలు కట్ట దగ్గరికి వెళ్ళి, గడ్డిలో పూసే నారింజ రంగు పూలు ఒడినిండా కోసుకొచ్చింది. మరిగించి, చల్లార్చి, గ్లాసు చేతికిచ్చింది.

"పూల నీళ్ళు. గుటగుటా తాగెయ్. కళ్ళల్లో దీపాలు వెలుగుతాయి."

పసుపుపచ్చటి నీళ్ళు. పైన నూనె చుక్కలు తేలేవి. రోజూ ఒక గ్లాసు. నెల తిరిగేసరికి గువ్వ సాయంత్రంపూట మెట్లు తనంతట తనే దిగింది.

పాతికేళ్ళ తర్వాత, ల్యాబులో అడవిపూల రంగుల మీద పని మొదలుపెట్టినప్పుడు, ఆమె మొదట కోసుకొచ్చింది ఆ పూలనే. నీళ్ళలో మరిగిస్తే పసుపు దిగింది కానీ, కంటికి మేలు చేసే నారింజ రంగు రేకుల్లోనే మొండికేసి కూర్చుంది. ఆరు నెలలు తల బద్దలు కొట్టుకుంది. ఒకరోజు చటుక్కున ఆ నూనె చుక్కలు గుర్తొచ్చాయి. రేకుల్ని నూనెలో నూరింది. సీసాలోకి సాయంకాలపు ఆకాశంలాంటి రంగు దిగింది. క్యారెట్‌లో ఉండే కెరోటినే. క్యారెట్ కంటే మూడింతలు ఉంది.

పత్రికలో వ్యాసం వచ్చింది. మెచ్చుకోళ్ళు వచ్చాయి. వ్యాసం చివర పదకొండుమందికి కృతజ్ఞతలు చెప్పుకుంది. సీసాలు కడిగినామె పేరు కూడా ఉంది. పెద్దమ్మ పేరు లేదు.

మిషను ఆగింది. గువ్వ తలుపు తోసింది.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి చూసింది. ఒక్క క్షణం ఆవిడ మొహం వెలిగింది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు తల దించుకుని, ఒళ్ళోని బట్ట మీద దారప్పోగులు ఏరడం మొదలుపెట్టింది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేమే? తిన్నావా?"

"తర్వాత తింటాను. నీకొకటి చెప్పాలి. చెప్పనివ్వు, మధ్యలో ఆపొద్దు."

గువ్వ కింద చతికిలబడి అంతా చెప్పేసింది. పువ్వు సంగతి, నూనె సంగతి, రేడియోలో ఆడిన అబద్ధం. చెబుతున్నంతసేపూ పెద్దమ్మ కాళ్ళనే చూస్తూ కూర్చుంది. మిషను తొక్కీ తొక్కీ వాచిన కాళ్ళు.

"అంతా నీదే పెద్దమ్మా. నీ దగ్గర దొంగిలించి నాదని చెప్పుకున్నాను. నీకంటే ముందు నాకే నా మొహం చూసుకోబుద్ధి కావట్లేదు. ఇదిగో, పత్రికకి ఉత్తరం రాశాను. ఈ పువ్వు గుణం కనిపెట్టింది మా పెద్దమ్మ అని ఉంది. నువ్వు సంతకం పెడితే ఈరోజే పంపిస్తాను."

పెద్దమ్మ కాగితం వంక చూడనుకూడా లేదు.

"వద్దు."

"అంత కోపమా?"

"కోపమేమిటే, పిచ్చిదానా."

"మరి ఫోను ఎందుకు మానేశావు?"

పెద్దమ్మ దారప్పోగులన్నీ ఉండచుట్టి పక్కన పెట్టింది. గువ్వ చేతిలోంచి ఉత్తరం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి తిరిగి ఆమె చేతిలోనే ఉంచింది.

"నువ్వు రేడియోలో ఆ పూల గురించి, ఆ నూనె గురించి చెబుతుంటే నా గుండె జారిపోయింది. అప్పట్నుంచీ నీతో మాట్లాడాలంటేనే భయం. ఇన్నేళ్ళూ నీకు నిజం చెప్పలేదే."

"ఏం నిజం?"

"డాక్టరు రాసిన కాప్సూల్ మింగనని నువ్వు గోల చేస్తుంటే, దాన్ని సూదితో పొడిచి లోపలి మందునూనె ఆ నీళ్ళల్లో పిండేదాన్ని, నువ్వు కనిపెట్టకుండా, ఆ పూలు వట్టి రంగు కోసం వేశానే గువ్వా."